ఊరి లెక్కలో వాడ ఎక్కడ?

(గ్రామ కార్యకర్తల తరగతిలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మేం లెక్కల గురించి మాట్లాడతాం. లెక్కలనగానే కొందరు వెనక్కి జరిగి కూచున్నారు. బడిలో రానిది ఇప్పుడేం వస్తదని గొణుగుతున్నారు. మేమొకటి అడుగుతాం. నాట్లకు పోయిన అక్కకు ఎన్ని రోజులు పోయిందో, ఎంత ముట్టిందో, ఇంకెంత బాకీయో తెలియదా? వేలు మడిచి చెప్తది. మనకు లెక్క రాక గాదు. రాసిన లెక్క మన చేతిలో లేక!

మన తాతలు ఆసామి దగ్గర పాలేరుతనం చేశారు. పెళ్లికి తెచ్చిన అప్పు కొడుకు తరానికి కూడా తీరలేదు. ఎందుకు తీరలేదు? రాసేవాడు వాడు, వేలిముద్ర వేసేవాళ్లం మనం. భూమి లెక్క కరణం దస్త్రంలో, పట్వారీ సంచిలో ఉండేది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. దస్త్రం పోయి కంప్యూటరొచ్చింది. కానీ చదివేవాడు మన వాడలో లేకపోతే కంప్యూటరైనా మనకు కరణమే.

అందుకని మొదట ఒక్క ప్రశ్న నేర్చుకుందాం. ఎవరు ఏ అంకె చెప్పినా, "ఎంతమందిలో? అందులో మావాళ్లెంత?" అని అడగాలి.

ఒక ఊళ్లో 400 ఇళ్లున్నాయనుకుందాం. 320 ఇళ్లకు కుళాయి వచ్చింది. సభలో నాయకుడు లేచి నూటికి 80 ఇళ్లకు నీళ్లిచ్చామంటాడు. అబద్ధం గాదు. చప్పట్లు కూడా పడతాయి. ఇప్పుడు విడదీయండి. ఊళ్లో 300 ఇళ్లు, మన వాడలో 100 ఇళ్లు. ఊళ్లో 300కు 300 కుళాయిలున్నాయి. వాడలో 100కు 20. అంటే ఊరికి నూటికి నూరు, మనకు నూటికి 20. రెండూ కలిపితే 80! ఊరూ వాడా మంచినీళ్ల దగ్గర కలవవు గానీ కాగితం మీద మాత్రం చక్కగా కలుస్తాయి. ఆ 80 వెనకాల మన 80 ఇళ్ల ఖాళీ బిందెలు దాగి ఉన్నాయి. కలిపిన లెక్క నిజమే చెప్తూ అన్యాయాన్ని దాచగలదు. దాన్ని విడగొట్టించడమే మన పని.

ఈ విడగొట్టడం మనలో మనకూ వర్తిస్తది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాలను వర్గీకరించే అధికారం రాష్ట్రాలకుందని తీర్పు చెప్పింది. అయితే ఊరికే చేస్తే కుదరదు, ఎవరికెంత అందిందో లెక్క చూపాలన్నది. వర్గీకరణ మీద ఈ గదిలోనే రెండు మాటలుండొచ్చు. కానీ ఏ మాటవారైనా రేపు కోర్టులో నిలబడాలంటే అంకె కావాల్సిందే.

ఇక భూమి. పాస్‌బుక్కులోనో పహాణీలోనో 1.20 అని ఉంటది. ఎంత? తెలంగాణలో అది ఎకరం ఇరవై గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం గనక ఎకరంన్నర. ఆంధ్ర జిల్లాల్లో అది ఎకరం ఇరవై సెంట్లు. అక్కడ 100 సెంట్లు ఒక ఎకరం. కాబట్టి ఎకరానికి పైన అయిదో వంతే. అంకె ఒకటే, భూమి వేరు! అంకె పక్కన కొలత ఏదో చూడకుండా సంతకం పెట్టొద్దు. ఇంకొకటి. అడంగల్లో పట్టాదారు పేరు ఒక గడి, అనుభవదారు పేరు ఇంకో గడి. మొదటి గడిలో మన పేరు చూసి మురిసిపోయి ఇంటికి రావద్దు. రెండో గడిలో ఎవడి పేరుందో కూడా చదవండి.

చిన్న అంకె అని వదలొద్దు. 2013 ఆహార భద్రత చట్టం మామూలు కార్డుల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం అన్నది. తెలంగాణ ఇంకో కిలో కలిపి 6 చేసింది. తూకంలో కార్డుకు ఒక కిలో తగ్గిందనుకోండి. కిలో కోసం కొట్లాటెందుకు అంటాం. 300 కార్డులుంటే నెలకు 300 కిలోలు, ఏడాదికి 36 క్వింటాళ్లు. అది కిలో గాదు, లారీ ఎక్కాల్సినంత!

బడ్జెట్టు వార్త చదివినప్పుడు మూడు మాటలు వేరుచేసి చూడాలి. కేటాయింపు, విడుదల, ఖర్చు. కేటాయింపు నోటిమాట. విడుదలంటే సంచి విప్పడం. ఖర్చంటే సంచిలోంచి బయటకు రావడం. ఆ మూడూ అయినా వాడకు చేరిందో లేదో మన కళ్లతో మనమే చూడాలి. 2011 జనగణన ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలు నూటికి 17, తెలంగాణలో 15కు పైన. జనాభాను బట్టి వాటా ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. మరి వాడ దరిదాపులకు రాని రోడ్డు కూడా మన ఖాతాలో రాశారా? అడగాలి గదా!

లెక్క అడగడం ఉద్యమం కాదనుకునే అన్నలున్నారు. బాబాసాహెబ్ ఎవరు? రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం అచ్చేసిన ఆర్థికవేత్త. 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాస్తూ, పొలం చిన్నదా పెద్దదా అనేది ఒక్క విస్తీర్ణంతో తేలదనీ, దానిమీద పెట్టే పెట్టుబడినీ శ్రమనూ కలిపి చూడాలనీ వాదించారు. ఒక్క అంకెను పట్టుకొని ఊరేగొద్దని మనకూ అదే పాఠం.

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో కూలీలు, రైతులు జన సునవాయి పెట్టారు. పనుల కాగితాలు నలుగురిలో గట్టిగా చదివించారు. కాగితం జనం చెవిన పడితే ఏది నిజమో జనమే తేల్చారు. ఆ పోరాటాలే సమాచార హక్కు చట్టానికి దారి వేశాయి. 2005 అక్టోబరు 12 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. అర్జీ ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో అప్పుడు పెట్టిన నిబంధనల్లో ఊరి కార్యాలయంలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు. అర్జీలో "మాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే రాస్తే ఆ కాగితం బీరువాలో పడుకుంటది. "ఫలానా ఏడాది, ఫలానా పని, మంజూరెంత, ఖర్చెంత, ఎవరికి చెల్లించారు" అని అడగండి. రశీదు లేకుండా కదలొద్దు.

చివరగా చేయాల్సిన పని. ప్రతి వాడకూ ఒక నోటుబుక్కు కొనండి. పది చదివిన చెల్లెలు రాయాలి, చదువు లేని అవ్వ పక్కన కూచొని ఒప్పుకోవాలి. తేదీ, పని, ఎంతమంది, రావాల్సింది, వచ్చింది. ఈ అయిదు గళ్లు చాలు. నెలకోసారి అందరిముందూ చదవండి. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, కోపంతో అంకె పెంచొద్దు. 23 ఇళ్లకు కుళాయి లేకపోతే 23 అనే రాయండి, వంద అనొద్దు. మన బుక్కులో ఒక్క అబద్ధం దొరికితే మిగతా 22 నిజాలనూ పారేస్తారు. రెండు, ఎవరి ఆధార్ నంబరూ బ్యాంకు నంబరూ గోడమీదికి ఎక్కనివ్వొద్దు. వాడ లెక్క అందరిది, మనిషి వివరం ఆ మనిషిది.

రానున్న జనగణనలో కులం కూడా రాస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. రాసేవాళ్లు గడపలోకి వచ్చినప్పుడు పనికి పోయామని ఇల్లు తప్పిపోకూడదు. ఏం రాశారో చదివించుకొని మరీ పంపండి.

లెక్క తెలిసినంత మాత్రాన న్యాయం నడిచి రాదు. లెక్క పట్టుకొని పదిమంది కలిసి పోతేనే వస్తది. ఇన్నాళ్లూ వాళ్లు రాసిందానికి వేలిముద్ర వేశాం. ఇకనుంచి మనం రాసిందానికి వాళ్లు జవాబు చెప్పాలి.

రేపు పొద్దున్నే నోటుబుక్కు కొనండి. జై భీమ్!