కొండ దిగే కారు – బ్రేకుల వేడి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను గ్యారేజీ మనిషిని కనుక నాకు తెలిసిన బ్రేకుల గురించే చెబుతాను.

ఇప్పుడు మన పిల్లలకు కార్లున్నాయి. సెలవులు రాగానే ఇంటిల్లిపాదీ ఎక్కి, టాపు మీద సామాను కట్టి తిరుమలకు బయలుదేరుతున్నాం. ఎక్కేటప్పుడు ఇంజను లాగుతుందా అని అందరూ అడుగుతారు. దిగేటప్పుడు బ్రేకులు ఆగుతాయా అని అడిగేవారు తక్కువ. పైకి వెళ్లేది 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు. దిగేది 1944 నాటి పాత రోడ్డు, దాని నిండా మలుపులే.

కదిలే బండి శక్తిని వేడిగా మార్చడమే బ్రేకు పని. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1,500 కిలోలున్న కారు అంత ఎత్తు దిగితే వచ్చే శక్తితో 35 లీటర్ల నీళ్లను మరిగే దాకా కాయవచ్చు. అందులో కొంత గాలికి, టైర్లకు, ఇంజనుకు పోతుంది. మిగిలినదంతా బ్రేకులే భరించాలి. ఇంకో 300 కిలోలు ఎక్కిస్తే మరో 7 లీటర్ల నీళ్లు కాచినంత వేడి అదనం.

ఈ వేడితో మూడు అనర్థాలు జరుగుతాయి. మొదటిది, వెనుక డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. రెండవది, ప్యాడ్లు, లైనర్లు అతిగా కాలి పట్టు తప్పుతాయి. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మూడవది అన్నిటికన్నా ప్రమాదకరం: బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. ఇది ఒక్కోసారి కొండ దిగి, బండి ఆపి, టీ తాగి వచ్చాక కూడా జరుగుతుంది. ఆగిన బండికి గాలి తగలదు కాబట్టి డిస్కు వేడి ఆయిల్‌కు పాకుతుంది. అందుకే దిగిన వెంటనే ఆపకుండా కాసేపు చదును రోడ్డు మీద నెమ్మదిగా నడపాలి. వేడెక్కిన చక్రాల మీద నీళ్లు పోయకూడదు, డిస్కులూ డ్రమ్ములూ పగులుతాయి.

ఇక నివారణ. కుర్రవాళ్లు ముందుగా పెద్ద డిస్కులు వేయిద్దామంటారు. నేను చెప్పే వరుస వేరు, ఖర్చు లేనిదే ముందు.

ఒకటి, బరువు. బండి ఎంత మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది. ఐదుగురు పెద్దవాళ్లంటేనే 325 కిలోలు. దానికి సామాను, గ్యాస్ కిట్టు సిలిండరు కలపండి. మిగతావాళ్లను బస్సులో పంపితే తప్పు లేదు.

రెండు, గేరు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలన్నది బస్సు డ్రైవర్ల పాత సూత్రం. న్యూట్రల్‌లో దింపడం పెట్రోలు ఆదా కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. గంటకు 40 నుంచి 60 కిలోమీటర్లకు వేగం పెరిగితే ఆపవలసిన శక్తి రెండింతలు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారైతే కొండ మీద నిండా ఛార్జింగు పెట్టకండి. బ్యాటరీ నిండి ఉంటే మోటారు బ్రేకింగు తగ్గి, భారం మామూలు బ్రేకుల మీద పడుతుంది.

మూడు, బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. అందుచేత రెండేళ్లకొకసారి ఆయిల్ మార్పించి, ఎయిర్ తీయించండి. డాట్ 3 వాడే బండిలో డాట్ 4 వేయవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, కలపరాదు.

నాలుగు, ప్యాడ్లు. కంపెనీ సూచించినవాటిలో వేడిని తట్టుకునే మంచి రకం వేయించి, కొత్తవి అలవాటయ్యే వరకు నిదానంగా నడపండి.

ఇవన్నీ అయ్యాకనే డిస్కుల మాట. మధ్యలో గాలి దారులున్న డిస్కు త్వరగా చల్లారుతుంది. అదే మోడల్ పెద్ద రకానికి కంపెనీ అమర్చినవి సరిపోతే నమ్మకమైన చోట వేయించండి. ముందు బ్రేకులు మాత్రమే పెంచితే ముందు వెనుకల సమతూకం చెడుతుంది. సోకు కోసం పెద్ద టైర్లు వేస్తే, వ్యాసం 5 శాతం పెరిగినా ఆపే బలం దాదాపు అంత తగ్గుతుంది. పైగా రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఇన్సూరెన్సు దగ్గరా చిక్కు రావచ్చు.

చివరిగా మనలాంటి పెద్దలకు ఒక మాట. స్టీరింగు మన చేతిలో లేకపోయినా ముందు సీటులో కూర్చునేది సాధారణంగా మనమే. కాలిన వాసన వచ్చినా, పెడల్ కిందికి పోతోందని అబ్బాయి అన్నా, వెంటనే సురక్షితమైన చోట ఆపించి అరగంట చల్లారనివ్వండి. చాదస్తం అనుకుంటే అనుకోనివ్వండి. వెనుక సీట్లో ఉన్నది మన మనవలే.