గట్టు మీద కంది



1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాత మన హుజూర్‌నగర్ దిక్కు చెలకలు మడులైనాయి. జొన్న, సజ్జ పోయాయి. అంతా వరే.

2023లో వానలు తక్కువ పడ్డాయి. సాగర్ నిండలేదు. ఆ యాసంగికి ఎడమ కాలువ కింద వరికి నీళ్లు ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో వరద వచ్చింది. నడిగూడెం మండలంలో ఆ కాలువ కట్టే తెగింది. ఒక ఏడు ఎండ, ఒక ఏడు వరద! ఒక్క పంటనే నమ్ముకుంటే ఎట్లా?

వరి మానమని నేను చెప్పను. "వడ్లు కొంటరు, జొన్నలు ఎవరు కొంటరు?" అంటారు మగవాళ్లు. అదీ నిజమే. అందుకే ముందు ఇంటి తిండికి వేద్దాం. గట్ల మీద కంది పెడదాం. నీళ్లు తక్కువైన ఏడు ఒక మడిలో పెసలు వేద్దాం. ఆరుతడి చాలు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల అక్కలు పాత విత్తనాలు దాచారు. ఒకే చేనులో ఎన్నో పంటలు కలిపి వేస్తారు. ఒకటి పోతే ఇంకొకటి దక్కుతుంది. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

విత్తనం దాచుడు మనకు కొత్తా? బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి కుండలో పెట్టేది మన అత్తలే కదా! హైబ్రిడ్ విత్తనం మాత్రం దాచకండి, మళ్లీ వేస్తే సరిగా పండదు.

మీ ఇంట్లో పాత కంది ఉందా? వచ్చే సంఘం రోజు ఒక గిద్దెడు తెండి. పంచుకుందాం.