కొత్తిమీర వాసన



కృష్ణా డెల్టాలో వరి కంకి పాలు పోసుకొను వేళ గట్టుపై నడచిన వారందఱును కంపునల్లి వాసన నెఱుగుదురు. అట్టి వాసన కొత్తిమీరలో నున్నదని యెవరైన ముక్కు మూసుకొన్నచో మనకు నవ్వు వచ్చును. కాని యా మాటలో నిజము కొంత కలదు. ఆ పురుగు విడుచు ద్రవమునందును, పచ్చి కొత్తిమీరయందును ఆల్డిహైడులను నొకే జాతి పదార్థము లున్నవి. సబ్బుల పరిమళములలోను నిట్టివి కలవు.

ఒకే కట్ట కొత్తిమీర యొకరికి కమ్మగాను, మఱియొకరికి సబ్బువలెను ఏల తోచవలెను? ముక్కు లోపలి పైభాగమున వాసన పట్టు కణములు లక్షలకొలది యున్నవి. ఒక్కొక్క కణమున నొక్క రకపు గ్రాహకము, అనగా వాసనను పసిగట్టు మాంసకృత్తు, ఉండును. దానిని నిర్మించు విధము జీనులలో నిమిడియున్నది. మనుష్యులలో పనిచేయు నిట్టి జీనులు రమారమి 400. ఈ జీనుల కుటుంబమును 1991లో ఎలుకలయందు కనుగొన్న లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 2004లో నోబెల్ బహుమాన మందిరి.

వానిలో 11వ క్రోమోసోముపైనున్న ఓఆర్6ఏ2 అనునది ఆల్డిహైడులను పట్టు గ్రాహకమును నిర్మించును. ఐరోపా సంతతివారిని వేలకొలది ప్రశ్నించి 2012లో ప్రకటించిన పరిశోధనలో, ఈ జీను దాపున నొక్క యక్షరము మాఱినవారిలో సబ్బు వాసన యనువారు హెచ్చుగా కనబడిరి. అయినను జీనుదే సర్వమనరాదు. అలవాటునకును బలము కలదు. ఆ యేటనే కెనడాలో యువజనులను విచారింపగా, కొత్తిమీర గిట్టనివారు తూర్పు ఆసియా సంతతిలో నూటికి 21గురు, దక్షిణాసియా సంతతిలో 7గురు మాత్రమే తేలిరి. ఆ లెక్క మన యూళ్లకు యథాతథముగా చెల్లదు గాని, పెండ్లి బంతిలో అట్టివాడొక డుండుట వింత కాదు. చారులోని యాకు నేరి విస్తరి యంచున పెట్టు మనుమని "తిండికి వంకలు" అని కసరుట నా యెన్నికలో న్యాయము కాదు. మనకు తగులు వాసన వానికి తగులుట లేదు. ఆకును రోట నూరి కొంతసే పుంచినచో ఆ కంపు తగ్గునందురు. పచ్చడిగా పెట్టి చూడవచ్చును.

ఇక మన సంగతి. వయసు మీఱినకొలది వాసనాశక్తి క్షీణించును. కోడలి వంటలో కమ్మదనము పోయినదని తోచినపుడు మన ముక్కును గూడ నొకమాఱు అనుమానింపవలెను. ఇది నవ్వులాట కాదు. వంటగ్యాసునకు స్వతహాగా వాసన లేదు. కారినచో తెలియుటకే దుర్గంధము కలుపుదురు. ఆ కంపు తెలియని వృద్ధు లున్న యింట, రాత్రి సిలిండరు మూసినది లేనిది చూచు పని వేఱొకరి కప్పగింపవలెను.