జీలుగు నేర్పే ముదిమి

ముసలితనమనగానే పరుల సాయము కోరి చాచిన చేయి మనకు స్ఫురిస్తుంది. అడ్డతీగల కొండలలో పెరిగే జీలుగు చెట్టును ఎరిగినవారు అట్లా తలపరు.

జీలుగు సుమారు పది పదిహేనేండ్లు ఆకులతోనే ఎదుగుతుంది. ఎదుగుదల ముగిసిన పిమ్మటనే పూస్తుంది. తొలి గెల తలకట్టున వస్తుంది; తక్కినవి క్రమముగా క్రిందికి దిగుతాయి. అట్టడుగు గెల ముగియగానే చెట్టు ఎండిపోతుంది. అనగా దాని దానమంతా వార్ధక్యములోనే. గీసిన గెల కొండరెడ్లకు కల్లునిస్తుంది. గీయక విడిచిన గెల పండి మానుపిల్లికి ఆహారమవుతుంది; అది విడిచిన గింజ మరొక చెట్టుకు మొలక.

ఇందులో ఇరువురికీ ధర్మమున్నది. పెద్దలు తమకున్నది, తమకు తెలిసినది బిగపట్టుకొనరాదు. పిన్నలు గెలలన్నిటినీ తామే గీసుకొనరాదు.

మరి కడపటి గెల కూడ ముగిసిన నాడో? అసలు పరీక్ష అప్పుడే. ఇచ్చినన్నాళ్ళే ఆదరించుట బేరము. తల్లిదండ్రులను పోషించవలెనని 2007లో చట్టము వచ్చింది. అది భత్యము ఇప్పించగలదు. ప్రక్కన కూర్చుండి వారి మాట వినే ఓపికను ఇప్పించలేదు. ఫలమాశింపక ఒక మొక్కకు నీరు పోసిన బిడ్డకు ఆ ఓపిక తేలికగా అలవడుతుంది. ఆ అలవాటు మన ఇండ్లలోనే మొదలు కావాలి.