పన్ను వేసినవారు, ఊరు విడిచినవారు

(తీర్థమలైలో తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయం పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నారు. ఆ వ్యయంలో సర్కారువారి వంతు ఎంతో మాత్రం పంచాంగకర్త చెప్పడు. ఆ పద్దును గురించి నాలుగు మాటలు నేను మనవి చేస్తాను.

ఈ తీర్థమలై, ధర్మపురి, కృష్ణగిరి సీమను పూర్వం బారామహల్ అనేవారు. 1792లో శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సుల్తాను దీనిని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. పుచ్చుకున్న గవర్నరు జనరలు కారన్‌వాలిస్ ప్రభువు. ఈయన ఎవరనుకున్నారు? 1781లో అమెరికాలో యార్క్‌టౌను వద్ద వాషింగ్టనుకు లొంగిపోయిన సేనకు నాయకుడు. అక్కడ చేజారిన దానికి ఇక్కడ బదులు తీర్చుకున్నాడేమో!

అమెరికాలో ఆ తిరుగుబాటు చేసినవారిలో చాలామంది ఇంగ్లీషువారి బిడ్డలే. 1765లో వారిమీద స్టాంపు పన్ను పడింది. కోర్టు కాగితానికీ, వార్తాపత్రికకూ, చివరకు పేకముక్కలకూ పన్నే. జనం గోల చేస్తే మరుసటి ఏడు రద్దు చేశారు. చేస్తూ చేస్తూనే, మీకు ఏ శాసనమైనా చేసే హక్కు మాకున్నదని మరో చట్టం రాసుకున్నారు. తరువాత అద్దాలమీదా, కాగితంమీదా, రంగులమీదా సుంకాలు వేసి, 1770లో అవీ తీసేసి, తేయాకుమీద మాత్రం ఉంచారు. 1773లో వచ్చిన చట్టంతో కంపెనీవారి టీ ధర నిజానికి తగ్గింది. అయినా బోస్టను రేవులో 342 పెట్టెల టీ సముద్రం పాలయింది. చవకగా ఇస్తామంటే పారబోసేవాళ్ళు ఉంటారా అని మన షావుకార్లు అడగవచ్చు. వారి తగాదా ధరతో కాదు. మమ్మల్ని అడగకుండా మా సంచిలో చెయ్యి పెట్టడానికి మీరెవరు, అన్నదే వారి ప్రశ్న.

ఇక మన సీమ సంగతి. కంపెనీవారు రీడ్ అనే కెప్టెనును ఇక్కడికి పంపారు. ఆయన సహాయకులలో ఒకరు థామస్ మన్రో. ఏడేళ్ళు ఈ బారామహల్లోనే పనిచేశాడు. చేను చేనూ కొలిపించి, రైతు పేరనే తీరువ కట్టారు. రైత్వారీ అంటే అదే. 1800లో మన్రో దత్తమండలాలకు, అంటే రాయలసీమకు, కలెక్టరుగా వెళ్ళాడు. అక్కడ ఆయన పేరుమీద పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారని చెప్పుకుంటారు. మంచివాడనడానికి నాకు సంకోచం లేదు. పన్ను బరువుగా ఉన్నది, నూటికి ఇరవైఐదు తగ్గించండని 1807లో పైవారికి రాశాడు. పైవారు వెంటనే వినలేదు. చూశారా, రైతు కోసం కలెక్టరు దొర అడగాలి, చెన్నపట్నమూ లండనూ తేల్చాలి. రైతుకు మాత్రం ఆ మాటలో చోటు లేదు.

మరి మనవాళ్ళు టీ పెట్టెలు పారబోసినట్టు ఏమీ చేయలేదా? మన దేశంలో రైతుకు వేరే ఆయుధం ఉండేది. పన్ను మితిమీరితే పశువులను తోలుకొని, సామాను బండికెత్తి రాత్రికి రాత్రి ఎల్లలు దాటేవాడు. భూమి విస్తారం, దున్నేవాళ్ళు తక్కువ. అవతలి పాళెగాడు సులువైన కౌలుకు రమ్మని పిలిచేవాడు. అరవదేశంలో స్థిరపడిన మనబోటివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఆయుధం మొద్దుబారింది కంపెనీ రోజుల్లోనే. 1799లో టిప్పు పోయాడు. 1800లో దత్తమండలాలు, 1801లో కర్ణాటక నవాబు సీమ కంపెనీవే అయినాయి. ఇటు కలెక్టరే, అటూ కలెక్టరే. పారిపోయినవాడి బాకీని మిగిలిన ఊరివారిమీద వేసే పద్ధతి కూడా ఉండేది. వసూలుకు ఏమేమి చేసేవారో చెన్నపట్నం సర్కారు వేసిన విచారణ సంఘమే 1855లో బయటపెట్టింది. వేళ్ళు ఇరికించి నొక్కే కర్రసాధనం, అరవంలో కిట్టి, తెలుగులో చిరత, ఆ నివేదికలోకి ఎక్కింది.

అయినా ఆ పాత ఆయుధాన్ని మరోసారి దూసినవారు చీరాల పేరాల ప్రజలు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో ఆ రెండు ఊళ్ళను కలిపి, వద్దు మొర్రో అంటున్నా, మునిసిపాలిటీ చేశారు. ఏటికి నాలుగువేల చిల్లర ఉన్న పన్ను నలభైవేల దాకా పెరిగింది. నేతగాళ్ళూ చిన్న వర్తకులూ ఎక్కువగా ఉన్న ఊరది. 1921 ఏప్రిలులో గాంధీగారు వచ్చి, పన్ను నిరాకరించి జైలుకు పోవడమో, ఊరు విడవడమో మీ ఇష్టమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటమీద పదమూడువేల పైచిలుకు జనం ఇళ్ళు వదిలి, ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు. మునిసిపాలిటీకి ఊరుంది, పన్ను కట్టే మనుషులు లేరు!

ఎండా వానా పదకొండు నెలలు అక్కడే. బోస్టనువారు పారబోసింది కంపెనీ సరుకు; వీరు వదిలింది సొంత కొంపలు. ఏది కష్టమో ఇల్లు నడిపే తల్లులే చెప్పాలి. గోపాలకృష్ణయ్యగారిని బరంపురంలో పట్టుకొని ఏడాది జైలు వేశారు. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు. జనం ఒక్కొక్కరే తిరిగి ఇళ్ళకు చేరారు, మునిసిపాలిటీ నిలిచింది. 1928లో, నలభై నిండకుండానే, ఆయన క్షయతో కన్నుమూశారు.