చిట్లిపోతున్న పుటలు

లండన్‌లో జూబిలీ లైను రైలు చివరి స్టేషను స్టాన్‌మోర్‌లో ఉంటాం మేము. కిందటి వేసవిలో ఊరినుంచి మా తాతగారి హైస్కూలు వార్షిక సంచిక తెచ్చుకున్నాను. ఇక్కడికొచ్చి పెట్టె తెరిస్తే చీర మడతల్లో గోధుమరంగు పొట్టు! అదంతా కాగితమే. చెక్కగుజ్జు కాగితంలో పుట్టే ఆమ్లం దాన్ని లోపలినుంచే తినేస్తుంది. బీరువాలో దాచినంత మాత్రాన దక్కదు, స్కాన్ చేస్తే కనీసం అందులోని మాట దక్కుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. ఏటా ఉగాదికి లావుపాటి సంచిక వేసేవారు. స్కాన్ చేసినవాళ్ల పుణ్యమా అని ఆ సంచికల్ని ఇక్కడ, నా వంటింటి బల్ల మీద చదువుతున్నాను. వ్యాసాలకన్నా నన్ను పట్టేసేవి ప్రకటనలు. ఏ ఏడాది జనం ఏం కొన్నారో చరిత్ర పుస్తకాల్లో ఎక్కడ దొరుకుతుంది?

మీ ఇంట్లో అలాంటి పాత సంచికేదైనా ఉంటే అట్ట విరిగేలా నొక్కకండి. కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా పైనుంచి ఫోటో తీయండి. ఫైలు పేరులో సంవత్సరం, పుట సంఖ్య రాయండి. అరసున్న, బండి ఱ ఉన్న పాత అచ్చును కంప్యూటరు తప్పుగా చదువుతుంది, మనిషి సరిచూడాల్సిందే. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు ఆ పని పుట పుటకీ చేస్తున్నారు.

మా సంచికలో తరగతి ఫోటో ఉంది. రెండో వరసలో తాతగారి పక్కనున్న అబ్బాయి పేరు దగ్గరే కాగితం ఊడిపోయింది. మరో ప్రతి ఎవరింట్లోనో ఉండే ఉంటుంది.