రావలసినది – వచ్చినది



వాటాల బజారున ధర పలుకువారు పెక్కురు. లెక్క విప్పి చూచువారు కొందరు. ఆ కొందరిలో తొలిమెట్టుపై నిలుచువాడు రీసెర్చి అసోసియేటు.

చదువు ముగించి కొలువులో చేరిన ఆ యువకుడు కంపెనీల వార్షిక నివేదికలను చదివి, ఆస్తి అప్పుల పట్టీని, లాభనష్టముల పట్టీని, నగదు రాకపోకల పట్టీని ఏండ్లవారీగ కంప్యూటరున కెక్కించి, పై విశ్లేషకునకు చిత్తుప్రతి సమర్పించును. పేరు పైవానిది, అంకె తప్పినచో మాట పడువాడు ఇతడు.

ఇది చిన్న పనియని తలంపరాదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ సంస్థ 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిలువలను చూపెను. అందు 5,040 కోట్లు లేనేలేవనియు, రావలసినదిగా చూపిన 376 కోట్ల వడ్డీయు కల్పితమేయనియు 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు లేఖ వ్రాసి ఒప్పుకొనెను. వాటా ధర ఆ దినముననే నాలుగింట మూడు వంతులకు మించి పడిపోయెను. కూడబెట్టిన సొమ్మును వాటాలలో పెట్టిన సామాన్యులు దెబ్బతినిరి.

చిట్టాను ఆవర్జాతో సరిచూచువారికి ఈ నీతి కొత్తది గాదు. రావలసినది వేరు, వచ్చినది వేరు. కాగితముపై లాభము కనబడగనే తృప్తిపడక, రొక్కమెచ్చటనని అడుగుటయే ఆ యువకుని విద్య. అడుగుటకు పెద్ద పదవి అక్కరలేదు. ఓపికతో చదువు అలవాటు చాలును. ఆ అలవాటు గ్రంథాలయపు బల్లవద్దనే కలుగును.